తోపడా మీద నా అక్షరం

మొన్న మా అబ్బాయి గవర్నర్‌పేట వెళ్లి కొత్త తోపడా తెచ్చాడు. చెక్కను నునుపు చేసే ఆ పనిముట్టు ఇప్పుడు నిలువెల్లా ఉక్కుతో, నగలపెట్టెలాంటి పెట్టెలో వస్తోంది. సానపట్టే పని కూడా లేదట, పెట్టెలోంచి తీసి చెక్క మీద తోయడమే. నిజంగానే బాగా నడిచింది. అయినా నా చూపు గోడకు వేలాడే పాతదాని మీదికే పోయింది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైలలో పెద్దవాళ్లకు చదువు చెప్పే తరగతులు వీధివీధినా నడిచాయి. నలభై దగ్గరపడ్డాక నేనూ మధ్యాహ్నాలు పక్కింటి వరండాలో పలక పట్టాను. ఆ ఏడాదే గుణదలలో వడ్రంగం పనిచేస్తుండగా మా వారి తోపడా ఎవరి సంచిలోనో కలిసిపోయి మరి దొరకలేదు. మైలవరంలో తలుపుల పని ఒప్పుకుని ఉన్నారు. విదేశీ ఉక్కుది కొనాలని మనసుపడి, తుప్పుపట్టి అటక మీదున్న మా మామగారి టేకు తోపడాను విప్పి, బ్లేడు పాత ఇనుము బండికీ చెక్క పొయ్యిలోకీ ఇచ్చేద్దామన్నారు.

నా ప్రాణం చివుక్కుమంది. ఆడవాళ్లు పనిముట్లు ముట్టకూడదనే ఆ ఇంట్లో, ఉలికి పదును పెట్టడం నాకు నేర్పినవారు మామగారొక్కరే. వారం గడువడిగాను. శనివారానికి చెక్కపొట్టు తెగకుండా రాకపోతే నా చేత్తోనే పొయ్యిలో పెడతానన్నాను.

బ్లేడును కిరసనాయిలులో నానబెట్టి, ఇటుకపొడితో తుప్పు వదిలేదాకా తోమాను. పురుగు తొలిచిన కన్నాలకు వేపనూనె పట్టించాను. వంపు తిరిగిన అడుగుభాగాన్ని నాపరాయి మీద పరిచిన ఉప్పుకాగితంపై, వంట పని తెమిలినప్పుడల్లా రుద్దాను. చివరికి మామగారు చూపినట్టే, ముంజేతి మీది నూగు తెగేంతవరకు బ్లేడును సానరాయి మీద నూరాను.

శనివారం ఆయన టేకుపలక మీద ఒక్క తోపు తోశారు. ఈ చివరినుంచి ఆ చివరికి ఉల్లిపొరలాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఆయన దాన్ని తీసి నా చేతికి గాజులా చుట్టారు.

"మళ్లీ ఎవరి సంచిలోనూ కలవకుండా నా పేరులో మొదటి అక్షరం చెక్కు, చదువుకున్నదానివి కదా" అన్నారు. నాకు పెద్ద చిక్కొచ్చి పడింది. మొగుడి పేరు నోట పలకని కాలం నాది. పలకనిది చెక్కొచ్చునా అని ఉలి పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి నా పేరులోని 'స' చెక్కేశాను. తలకట్టు కాస్త వంకరపోయింది.

మైలవరంలో తలుపులకు పాలిష్ రుద్దడానికి నేనూ వెళ్లాను. తోటి వడ్రంగి ఆ అక్షరం చూసి నవ్వాడు.

"ఇదేంటి మేస్త్రీ, 'స' ఎవరండీ?"

"మా ఆవిడ."

"అయితే తోపడా ఆవిడదా?"

"ఆవిడదేనయ్యా. నేనే అడిగి తెచ్చుకున్నా. నీక్కావాలన్నా ఆవిణ్ణే అడగాలి."

పాలిష్ గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని మురిసిపోయాను. ఆ అక్షరం చెక్కాక ఆ పనిముట్టు ఎవరి సంచిలోకీ పోలేదు. ఇరవై ఏళ్లు ఎన్నో గడపలు దాటి, రోజూ మా ఇంటికే వచ్చింది.

కొత్తదాని మీద నీ అక్షరం చెక్కుకోరా అని మొన్న మా అబ్బాయితో అన్నాను. వాడు నవ్వి చూపించాడు. ఉక్కులో ఉలి దిగదు. పేరుండాల్సిన చోట కంపెనీ పేరు ఇంగ్లీషులో ముందే పోతపోసి ఉంది. ఆ అక్షరాలు నాకు రావు.