మేనత్త పలికిన పేరు

మా మేనత్త తన భర్త పేరు ఎన్నడూ పలకలేదు. ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్లే చెప్పేవాళ్లు.

అచ్చంపేట దగ్గర మా ఊళ్లో తొలి ఎన్నికలనాడు, ఓటరు జాబితాతో సరిచూసేందుకు అధికారి ఆ పేరే అడిగాడు. పక్కామె చెప్పబోతే, పోటీలో ఉన్న దొర ఏజెంటు అడ్డుపడ్డాడు. మేనత్త దొరకు ఓటెయ్యదని అతనికి తెలుసు.

"వేరేటోళ్లు చెప్తే చెల్లదు సార్. నోరు రాకుంటె ఇంటికి పోయి గటక వండుకోమనుండ్రి!"

మేనత్త కొంగు సర్దుకుని, బయట మగవాళ్ల వరుసలో ఉన్న మాకు కూడా వినపడేలా మామ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది.

"ఏందే, పిలిచినవా?" అని మామ నా ముందు నుంచి కేకేశాడు.

"పిలువలే. ఓటేస్తున్న!"

ఆమె వెనకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే భర్తల పేర్లు గట్టిగా చెప్పి ఓటు చీటీలు తీసుకున్నారు.