కిరిల్లోవ్‌లో నా బూట్లు

రష్యాలో డాక్టరు చదివే మా మేనకోడలు రూతు చలికాలంలో నన్ను కిరిల్లోవ్ అనే పాత ఊరికి తీసుకుపోయింది. అక్కడి మఠం చాలా పేరున్నది. మఠంలోని చర్చి గడప దగ్గర, మంచు మీదనే, నేను బూట్లు విప్పేశాను.

"ఏం చేస్తాండావు అత్తా? కాళ్లు కొంకర్లు పోతాయి. ఈడ అందరూ బూట్లతోనే పోతారు."

"పోనీ. జమ్మలమడుగులో నేనెప్పుడూ చర్చిలోకి చెప్పులతో పోలేదు. ఈడా పోను."

లోపల కొవ్వొత్తులమ్మే ముసలామె వచ్చి గొడవ పెట్టుకుంది. ఆమె మాట నాకు తెలియలేదు గానీ నా మొండితనం ఆమెకు తెలిసింది. చివరికి తన సంచిలోంచి ఉన్ని మేజోళ్లు తీసి నా ముందు పడేసింది. అవి తొడుక్కుని ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాను.

తర్వాత ఆమే టీకి ఇంటికి పిలిచింది. మళ్లీ గొడవెందుకని ఈసారి బూట్లతోనే గడప దాటబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి అరిచింది.

"దేవుని ఇంటికి లేని మర్యాద ఈమె ఇంటికెందుకంట? అడుగు" అన్నాను.

రూతు అడిగి, నవ్వు ఆపుకుంటూ చెప్పింది: "చర్చి నేల కడిగేటోళ్లు వేరే ఉండారంట అత్తా. ఈ నేల పొద్దున తానే మోకాళ్ల మీద కూర్చోని కడిగిందంట."

వంగి బూట్లు విప్పాను.