ఉప్పు తాగిన గోడ

రేపల్లెలో మా అక్క కొన్న ఇంట్లో పడమటి గది గోడకు బొబ్బలు లేచేవి, ఒళ్ళు కాలితే లేచే బొబ్బల్లాంటివే. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఒకటి టప్‌మని పగిలేది. లోపలి నుంచి తడి బొట్టుగా జారేది.

ఆ గది అక్క కోడలిది. బాపట్లలో సముద్రం దగ్గర పెరిగిన పిల్ల. అప్పుడు నాలుగో నెల. నేను తెనాలి నుంచి వెళ్ళేసరికి తన మంచాన్ని గుమ్మం దాకా లాక్కుని ఉంది.

"గోడ లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుందండి, బాబాయ్ గారూ. పురిటికి వెళ్ళానంటే బిడ్డతో ఈ గదిలోకి మాత్రం తిరిగి రానండి."

అక్కకు ఆ మాటే భయం. అయినా పెయింట్ గీకనివ్వదు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే గోడకు మేకు కూడా కొట్టకూడదని మా వాళ్ళ పట్టింపు. అందుకని బొబ్బ లేచినప్పుడల్లా దానిమీదే ఇంకో పూత వేయించేది. పూత పెరిగేకొద్దీ బొబ్బలూ పెరిగాయి. ఈసారి లేచింది మనిషి వీపంత ఉంది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా, మెత్తగా లోపలికి పోయింది. చెయ్యి తీశాక నెమ్మదిగా మళ్ళీ ఉబ్బింది.

ఆ మధ్యాహ్నమే అది పగిలింది. కోడలు దగ్గరికెళ్ళి, అంచున పేరుకున్న తెల్లపొడిని వేలితో తీసి నాలిక మీద వేసుకుంది.

"అదేం పనే! మట్టి తినాలనిపిస్తే చెప్పొచ్చుగా!" అక్క కేకేసింది.

"ఉప్పండి అత్తయ్యా. ఈ గదిలో ఇదివరకు ఏం పెట్టేవాళ్ళండి?"

అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు అమ్మినాయన ఎండుచేపల వ్యాపారి. ఆ గోడ వారనే బస్తాలు పేర్చేవాడు. తెలిసిన సంగతే, ఎవరికీ తట్టలేదు. గోడ తాగిన ఉప్పు చెమ్మను లాగుతోంది, పైనున్న ప్లాస్టిక్ పెయింట్ దాన్ని బయటికి పోనివ్వడం లేదు.

"గీకక తప్పదే," అన్నాను.

"పురుడయ్యాకే," అంది అక్క.

కోడలు చిరిగిన పొర అంచు పట్టుకుంది. "గీకొద్దులెండి అత్తయ్యా. అదే ఊడుతోంది, నేను పట్టుకున్నానంతే."

అక్క దగ్గరికొచ్చింది. "ఒక్కదానివే లాగమాకు, నడుం పట్టుద్ది," అంటూ రెండో అంచు అందుకుంది.

పూతలన్నీ కలిసి ఒకే తోలులా వచ్చాయి. వెనక, మనుషులు వీపులు ఆనించి వరసగా కూర్చున్నట్టు బస్తాల మచ్చలు.

గోడను నీళ్ళతో కడగనివ్వలేదు, కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, కిటికీలు తెరిచి ఆరనిచ్చి, తెల్లపొడి రావడం ఆగాక సున్నం వేయించాం.

కోడలు బిడ్డతో ఆ గదిలోకే వచ్చింది. మంచం మళ్ళీ గోడకు చేరింది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం గోడవైపు తానే పడుకుంటుంది, బిడ్డను ఇవతలికి జరుపుతుంది. ఎందుకమ్మా అంటే, "ఉప్పేలెండి, బాబాయ్ గారూ," అంటుంది.