మడ అడవిని తోట చేశాం

తొంభైల్లో మా ఊరి మడ అడవిని ఊరివాళ్ల కమిటీకే అప్పగించారు. కమిటీ పెద్దగా నన్ను పెట్టారు. అడవి గురించి నాకేం తెలుసని? నాకు తెలిసింది కొబ్బరితోట. రాలిన మట్ట ఒక్కటి తోటలో కనబడినా మా నాన్నగారు అన్నం ముందు కూర్చునేవారు కారు. ఆ పిచ్చే నాకూ పట్టింది.

ఏటిపాయ పక్కన ఆ అడవిలో అడుగు పెట్టగానే నాకు ఒళ్లు మండింది. ఎక్కడ చూసినా విరిగిపడ్డ మానులు, పుచ్చిన మొదళ్లు, నిలువునా ఎండి తొర్రలు పడ్డ ముసలి మడచెట్లు. మూడేళ్లపాటు మనుషుల్ని పెట్టి అన్నీ తీయించేశాను. ఖాళీల్లో తాడు పట్టించి వరసగా మొక్కలు నాటించాను. చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటుంటే తెగ మురిసిపోయాను.

వద్దన్నది ఒక్క ముసలాయనే. ఆ అడవిలో మండపీతలు పట్టుకుని బతికేవాడు.

"పుచ్చిన మాను కిందేనండి పీత ఉండేది. అది తీసేత్తే నేనెక్కడికి పోనండీ?" అన్నాడు.

"చెట్లు పెరిగితే పీతలూ పెరుగుతాయి. నీకెందుకయ్యా కంగారు?" అన్నాను.

ఆఖరి తొర్రచెట్టు కొట్టిన రోజు గుడ్లగూబ పిల్లలు రెండు బురదలో పడ్డాయి. చూసి కూడా నేను పని ఆపించలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

రెండువేలు దాటాక కొత్త ఫారెస్టు ఆఫీసరు వచ్చారు. ఎండిన చెట్లనీ పడ్డ మానుల్నీ అలాగే వదిలేయాలనీ, అడవిలో సగం ప్రాణులు బతికేది వాటిలోనేననీ చెప్పారు. వదలడానికి ఒక్కటి మిగిలితేగా! పంతం కొద్దీ మా తోటలోంచి కొబ్బరి మొద్దులు తెచ్చి బురదలో వేయించాను. పున్నమి పోటుకి అన్నీ కొట్టుకుపోయాయి.

"మా మొక్కలకి తొర్రలు పడాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?" అని ఆఫీసరు గారిని అడిగాను.

"మనం చూడమండి," అన్నారు.

అప్పటికే ముసలాయన పీతల బుట్ట మూలపడేశాడు. మా తోటలోనే కూలికి కుదిరాడు, రాలిన మట్టలు ఏరడానికి. ఒకసారి, ఆ మట్టల్ని అలాగే ఉండనీయవయ్యా అని నేనంటే, పనిలోంచి తీసేస్తున్నాననుకుని బెదిరిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రోజూ ఇంటికి వెళ్లబోతూ తువ్వాలు దులుపుకుని నా ముందు నిలబడతాడు.

"ఒక్క పుల్ల కూడా లేదండి. సుబ్బరంగా ఉందాండీ?"

"ఆయ్," అంటాను.