అమ్మ పుట్టిల్లు మరిచిన మేనమామ

మా మేనమామ పోయాడని పోయిన నెల ఒక పొద్దున చొప్పదండి నుంచి ఫోన్ వచ్చింది. శ్రీరాంపూర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతున్నాను. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే కోపమొచ్చింది. ఇక ఆయనతో పోట్లాడడానికి కూడా లేదు కదా!

మా నాన్న, బాపుది వేరే కులం. ఆయన చనిపోయాక మా అమ్మ, నేను అవ్వ అని పిలిచేదాన్ని, నన్ను తీసుకుని అన్న ఇంటికే వచ్చేసింది. మామ మరమగ్గాలు నడిపేవాడు. ఆ చప్పుడులోనే నూలు కండెలు చుట్టాను, చదువుకున్నాను. చేప కూర వండితే మామ ముల్లు తీసి నా పళ్లెంలో వేసేవాడు. ఎవరైనా నా కులం ఆరా తీస్తే, "దారం ఏడికెళ్లొస్తే ఏంది, బట్ట మా ఇంట్ల నేసినం గదా" అని నోరు మూయించేవాడు.

ఇంటర్ అయ్యాక నాకు కరీంనగర్‌లో సీటు వచ్చింది. మా నేత కులసంఘం పేద పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చేది. సంఘం అధ్యక్షుడు మామే.

"దరఖాస్తు పెట్టు బిడ్డా. నేనున్న గదా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఫీజుకు నేను నమ్ముకున్నది ఆ మాటనే.

ఈ పిల్ల మనదేనా అని మీటింగులో ఎవరో అడిగారట. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు. మా మామ మాత్రం లేచి, "తండ్రి మనోడు కాదు, ఆ పిల్లకు రాదు" అని తానే తేల్చేశాడు.

"నువ్వే వద్దన్నవా మామా?"

"మేనకోడలికి ఇచ్చుకున్నడని రేపు నన్నంటరు బిడ్డా. జర సమజ్ చేస్కో. రా, అన్నం సల్లారుతది."

ఆయన మంచిపేరు నిలబడింది, నా సీటు పోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేనని ఆ రోజు తెలిసింది. అవ్వ తన అన్నను ఒక్క మాటా అనకుండా, కమ్మలు అమ్మి మరుసటి ఏడు నన్ను చేర్పించింది. పరాయివాడెవడో చేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. చదువు మీద ఆశ పెట్టిందీ మామే. ఆ కృతజ్ఞతా ఉంది, ఈ మంటా ఉంది.

మొన్న ఆదివారం సంతాప సభ జరిగింది. మామ పేరిట స్కాలర్‌షిప్ పెడుతున్నామని కొత్త అధ్యక్షుడు ప్రకటించాడు.

"మన కులంల పుట్టి ఇంత పైకొచ్చిన ఆడబిడ్డ ఈ మేడమే. మొదటి చందా ఈమెదే" అంటూ మైకు నా చేతికిచ్చాడు.

"తల్లి మనామె అయ్యి, తండ్రి కాకపోతే, గా పిల్లకు ఇస్తరా?" అని అడిగాను.

మైకు కోసం అధ్యక్షుడు చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.