ఆ ఇంజినీరు ముక్కు

దిల్‌సుఖ్‌నగర్ సర్వీస్ సెంటర్లో చూసిన ఆ ఇంజినీరు పేరు నాకు తెలియదు. ఆయన ముక్కు మాత్రం మర్చిపోలేను.

దసరా వెళ్ళిన మూడోరోజు కంప్యూటర్ మోసుకెళ్ళాను. “యూఎస్‌బీ పోర్టులు రెండూ పోయాయండీ. వారంటీ ఉంది. టైపింగ్ చేస్తేనే మాకు ఇల్లు గడిచేది” అన్నాను.

ఆయన వంగి, పోర్టులకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు.

“గంధం! ఆయుధ పూజల పోర్టుల మీదనే బొట్టు పెట్టిన్రు. తడి లోపలికి పోయింది. దీనికి వారంటీ రాదమ్మా.”

శుభ్రంగా తుడిచేసిన బొట్టు సంగతి ఈయనకెలా తెలిసింది?

“కావాలంటే విప్పి చూపిస్త” అంటూ స్క్రూడ్రైవర్ తీసి కళ్ళకద్దుకున్నాడు. దాని పిడి మీద ఎర్రటి కుంకుమ బొట్టు!

నేను నోరు తెరుచుకుని దాన్నే చూస్తుంటే, ఆయన నవ్వకుండా అన్నాడు: “దీనికి పోర్టులు లేవు కదమ్మా.”