చంద్రమ్మ చెట్ల చుట్టూ మంద

ఖాజాగూడ గుట్ట మీది సీతాఫలాలు గంపకెత్తి అమ్ముకోవడమే చంద్రమ్మ బతుకు. 1997 వేసవిలో ఆ చెట్లన్నీ కాలిపోయాయి. ఎండుగడ్డి కాలిస్తే తొలకరికి మంచి మేత మొలుస్తుందని నిప్పు పెట్టింది ఆమె మరిది సాయిలే. గొర్రెల కాపరులు ఏటా చేసే పనే అది. వానలకు మొదళ్లు మళ్లీ చిగురించాయి. ఇంకోసారి మంట తగిలితే ఆ చిగుళ్లు బతకవు.

మరుసటి వేసవి రాకముందే చంద్రమ్మ కొడవలి పట్టి చెట్ల చుట్టూ గడ్డి కోయసాగింది. వారమైనా పావు వంతు తెగలేదు.

"ఏంది వదినా, గుట్టకు క్షవరం జేస్తున్నవా?" అన్నాడు సాయిలు.

"నవ్వుడు ఆపు. ఎరువుకని రైతుల చేన్లల్ల మంద పెడ్తవు గద, నా చెట్ల చుట్టు పెట్టు. నీ గొర్లు తొక్కినకాడ గడ్డి నిలుస్తదా?"

"చిగుర్లు మేస్తే?"

"సీతాఫలం ఆకు మేక గూడ ముట్టది. నాకు చెప్తవా?"

"రైతులు వడ్లిస్తరు. నువ్వేమిస్తవు?"

"కాస్తే పండ్లిస్త. కాయకుంటె తిడ్త."

సాయిలు ఇరవై రోజులు మందను జరుపుతూ చెట్ల చుట్టూ నేలను బోడి చేశాడు. ఏప్రిల్‌లో రాళ్లు కొట్టేవాళ్ల పొయ్యి నుంచి రేగిన మంట గుట్టంతా పాకి, ఆ బోడినేల దగ్గర ఆగిపోయింది.

ఆ ఏడు కాయలు రాలేదు. పై ఏడు వచ్చిన మొదటి గంపను చంద్రమ్మ సాయిలు గడపలో దించింది.

"ఇన్నేనా వదినా?"

"నిరుటి తిట్లు బాకీ ఉన్నయ్. అవి గూడ తెమ్మంటవా?"